ఎలా తెలుసు? - డిటెక్టివ్ నవలలు, చారిత్రక నవలలు చదవడం గురించి నాలుగు మాటలు

విద్యార్థి సంఘం సాహిత్య కార్యదర్శి ఫోను చేసి, "సార్, మీరు పాత విద్యార్థి. ఈ ఏటి సావనీరుకు ఏదైనా రాయాలి" అన్నప్పుడు సంతోషమూ కలిగింది, భయమూ కలిగింది. సంతోషం ఎందుకో చెప్పనక్కరలేదు. భయం ఎందుకంటే, మాదాపూర్‌లో కంప్యూటర్ ముందు ఇరవై ఏళ్లుగా కూర్చున్నవాడి దగ్గర రాయడానికి ఏముంటుంది? "ఐ.టి. రంగంలో అవకాశాలు" అని రాద్దామంటే, ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. కనుక చిన్నప్పటినుంచీ వదలని నా రెండు అలవాట్ల గురించి రాస్తాను. ఒకటి డిటెక్టివ్ నవలలు చదవడం. రెండోది రాజుల కాలంనాటి కథలు, అంటే చారిత్రక నవలలు చదవడం. ఈ రెంటికీ సంబంధం లేదని చాలాకాలం అనుకున్నాను. ఉందని ఈ కాలేజీలోనే ఒక సారు నాకు చూపించారు.

మా ఊళ్లో బస్టాండు పక్కన అద్దె పుస్తకాల షాపు ఉండేది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు, మధుబాబు గారి షాడో - వీళ్లంతా నాకు అక్కడే పరిచయమయ్యారు. అద్దె రోజు లెక్కన కనుక రాత్రికి రాత్రే పూర్తి చెయ్యాలి. చివరి పేజీ ఎవరో చింపేసి ఉంటే ఇక నిద్రపట్టదు. అదే రోజుల్లో గ్రంథాలయంలో అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’, నోరి నరసింహశాస్త్రి గారి ‘రుద్రమదేవి’ చదివాను. ఒక తేడా మాత్రం ఉండేది. చారిత్రక నవల చేతిలో ఉంటే నాన్న మెచ్చుకునేవారు. డిటెక్టివ్ నవల చేతిలో ఉంటే వీపు మోగేది. మొదటిది సాహిత్యమనీ, రెండోది కాలక్షేపమనీ నేనూ నమ్మేశాను.

ఇక్కడ చేరిన రెండో సంవత్సరం మా సాహిత్య సమితిలో చారిత్రక నవల మీద మాట్లాడాను. చప్పట్లు కొట్టించుకోవాలన్న కోరిక గట్టిగా ఉన్న వయసు. "రణరంగంలో అంబదేవుడి కత్తికి రుద్రమదేవి నేలకొరిగింది" అని గొంతు పెంచి చెప్పాను. చప్పట్లు వచ్చాయి. వెనక వరుసలో కూర్చున్న చరిత్ర సారు మెల్లిగా లేచి, "బాగుంది నాయనా. కానీ నీకెలా తెలుసు?" అన్నారు.

"నవలలో చదివాను సార్" అన్నాను. హాలంతా నవ్వింది. సారు మాత్రం నవ్వలేదు. "నవల రాసినాయనకు ఎలా తెలుసో కనుక్కుని వచ్చి చెప్పు" అని కూర్చున్నారు.

కనుక్కోవడానికి నాకు నెల పట్టింది. నాకు దొరికింది ఇదీ. రుద్రమదేవి 1262 ప్రాంతంలో పాలనకు వచ్చింది. ఆమె మరణం సంగతి మనకు చెప్పేది నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో దొరికిన ఒక శాసనం. అది 1289 నవంబరు నాటిది. పువ్వుల ముమ్మడి అనే అతను వేయించాడు. కాకతి రుద్రమదేవీ, మల్లికార్జున నాయకుడూ శివలోకానికి వెళ్లినందున వారి పుణ్యం కోసం దేవుడికి భూమి ఇస్తున్నానని అందులోని సారాంశం. ఈ ముమ్మడి మల్లికార్జున నాయకుడి భృత్యుడు. ఆ నాయకుడు సేనాపతి. అంతే. యుద్ధం అన్న మాట లేదు, కత్తి లేదు, అంబదేవుడి పేరే లేదు.

మరి అంబదేవుడు ఎక్కడినుంచి వచ్చాడు? రాణీ, సేనాపతీ ఒకేసారి పోయారంటే అది జబ్బుతో వచ్చిన చావు కాకపోవచ్చు. అదే కాలంలో కాయస్థ నాయకుడు అంబదేవుడు కాకతీయుల మీద తిరగబడ్డాడు. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో తన విజయాలను గొప్పగా చెప్పుకున్నాడు. ఈ మూడు ముక్కలూ కలిపి, అతనితో జరిగిన యుద్ధంలోనే ఆమె మరణించి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు. బలమైన ఊహే. కానీ ఊహ ఊహే, కళ్లారా చూసిన సాక్ష్యం కాదు.

సాక్షుల మాటకొస్తే, ఆ కాలపు విదేశీ సాక్షి ఒకడున్నాడు - మార్కోపోలో. మోటుపల్లి రేవు ఉన్న ఈ రాజ్యాన్ని ఒక రాణి ఏలుతున్నదనీ, ఆమె న్యాయం తెలిసిన మనిషనీ రాశాడు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ భర్త చనిపోయాక నలభై ఏళ్లుగా ఏలుతున్నదన్నాడు. మన శాసనాల ప్రకారం ఆమె గణపతిదేవుడి కూతురు. రాజ్యం వచ్చింది తండ్రినుంచి, భర్తనుంచి కాదు. నలభై ఏళ్ల లెక్కా కుదరదు. అంటే సాక్షి అబద్ధాలకోరు కాదు, విన్నదాన్ని తప్పుగా విన్నాడు. పోలీసు స్టేషన్లో రోజూ జరిగేదీ ఇదే కదా!

ఈ సంగతులన్నీ సారుకు అప్పజెప్పినప్పుడు ఆయన ఒకే మాటన్నారు: "చూశావా, నువ్వు చేసింది డిటెక్టివ్ పనే." ఆ రోజునుంచి నా రెండు అలవాట్లూ ఒకటైపోయాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. అపరాధ సాహిత్యమంతా ఒకే రకం కాదు. మనం ఎక్కువగా చదివినది పొడుపుకథ రకం. హత్య జరుగుతుంది, అయిదారుగురిమీద అనుమానం, చివర డిటెక్టివ్ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి హంతకుణ్ణి చూపిస్తాడు. ఇంగ్లండులో షెర్లాక్ హోమ్స్, అగాథా క్రిస్టీ దారి ఇది. అమెరికాలో 1920ల తర్వాత మరో రకం పుట్టింది. డాషియల్ హామెట్ అనే ఆయన పింకర్టన్ డిటెక్టివ్ సంస్థలో నిజంగానే పనిచేసి, ఆ తర్వాత కథలు రాశాడు. ఆయన ‘మాల్టీస్ ఫాల్కన్’ 1930లో పుస్తకంగా వచ్చింది. రేమండ్ చాండ్లర్ ‘బిగ్ స్లీప్’ 1939లో వచ్చింది. ఈ కథల్లో డిటెక్టివ్ సర్వజ్ఞుడు కాడు. రోజుకూలికి పనిచేసే మనిషి, దెబ్బలు తింటాడు, మోసపోతాడు. డబ్బిచ్చిన పెద్దమనిషే నిజం దాస్తాడు. హంతకుడు దొరికినా ఊరు బాగుపడదు. 1945లో పారిస్‌లో ఒక ప్రచురణ సంస్థ ఇలాంటి నవలల్ని ‘సెరీ నువార్’ పేరుతో వరసగా వేయడం మొదలుపెట్టింది. నువార్ అంటే ఫ్రెంచిలో నలుపు. ఇప్పుడు లోకమంతా ఈ చీకటి కథల్ని నువార్ అనే పిలుస్తోంది.

‘బిగ్ స్లీప్’ గురించి ఒక ముచ్చట ప్రసిద్ధం. దాన్ని సినిమాగా తీస్తున్నప్పుడు, కథలో ఆ కారు డ్రైవరును చంపిందెవరని చాండ్లర్‌ను అడిగారట. తనకూ తెలియదన్నాడట! పొడుపుకథ రకంలో ఇది క్షమించరాని తప్పు. నువార్‌లో పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఎందుకంటే అక్కడి ప్రశ్న "ఎవరు చంపారు" ఒక్కటే కాదు, "ఈ ఊళ్లో మనిషి బతకడం ఎందుకింత కష్టం" అన్నది కూడా. ఈ తేడా తెలియకుండా సమీక్ష రాస్తే ఇడ్లీని పట్టుకుని దోసెలా కరకరలాడలేదని తిట్టినట్టుంటుంది.

మన తెలుగులో నువార్ ఉందా అని మిత్రులు అడుగుతుంటారు. డిటెక్టివ్ పుస్తకాల బీరువాలో వెతికితే తక్కువే. నా మట్టుకు నేను దాన్ని విశాఖపట్నంలో చూశాను. రావిశాస్త్రి గారు వృత్తిరీత్యా వకీలు. ‘ఆరు సారా కథలు’ చూడండి. కోర్టులు, పోలీసులు, సారా అమ్ముకునే పేదలు, చట్టాన్ని అడ్డం పెట్టుకుని బతికే పెద్దలు. అందులో యుగంధర్ రాడు, ఎవరినీ రక్షించడు. కానీ నేరం ఎక్కడ పుడుతుందో మనకు తెలిసిపోతుంది. వాటిని ఎవరూ అపరాధ సాహిత్యం అనలేదు. అందులో తప్పేమీ లేదు. కాని అపరాధ సాహిత్యం మొత్తాన్నీ కాలక్షేపమని తీసిపారేసే పెద్దలు ఈ దగ్గరి చుట్టరికాన్ని గమనించాలని నా మనవి.

చారిత్రక రచనకూ అపరాధ రచనకూ చుట్టరికం కొత్తది కాదు. నిజాం సర్కారు కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ అనే ఆంగ్లేయుడు 1839లో ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ రాశాడు. ఒక థగ్గు తన హత్యల్ని తానే చెప్పుకునే నవల. అందులో మన హైదరాబాదు కూడా వస్తుంది. అదే రచయిత 1878లో చాంద్ బీబీ మీద చారిత్రక నవల రాశాడు. ఇంకా వెనక్కి పోతే, పదమూడో శతాబ్దంలో కేతన తెలుగు చేసిన ‘దశకుమార చరిత్ర’ ఉంది. సంస్కృతంలో దండి రాసిన మూలంలో అపహారవర్మ అనే రాకుమారుడు రాత్రిపూట కన్నం వెయ్యడానికి బయలుదేరుతూ తీసుకెళ్లే సరంజామా చూడాలి: పట్టకారు, కొలతదారం, తాడు, కన్నంలో ముందుగా పెట్టి చూసే బొమ్మ తలకాయ, ఇంట్లో దీపాలు ఆర్పడానికి పురుగులు నింపిన పెట్టె! ఇవాళ్టి సినిమావాళ్లకు కూడా తట్టని ఆలోచన.

మన ఆరుద్ర గారు డిటెక్టివ్ నవలలూ రాశారు, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ కూడా రాశారు. రెండూ ఒకే చెయ్యి రాసిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. పాత కవి కాలాన్ని తేల్చడమంటే ఆధారాలు కూడదీయడమే కదా.

ఈ రెండు దారులూ కూడలిగా కలిసిన నవల ఇటలీలో వచ్చింది. ఉంబర్టో ఎకో ‘నేమ్ ఆఫ్ ద రోజ్’ 1980లో ఇటాలియన్‌లోనూ, 1983లో ఇంగ్లీషులోనూ వెలువడింది. కథాకాలం 1327, అంటే ఇక్కడ ఓరుగల్లు పడిపోయిన నాలుగేళ్లకు. ఒక క్రైస్తవ మఠంలో సన్యాసులు ఒకరి తర్వాత ఒకరు చనిపోతుంటారు. పరిశోధించే సన్యాసి పేరు బాస్కర్‌విల్ విలియం. హోమ్స్ కథలు చదివినవాళ్లకు ఆ పేరు వినగానే నవ్వొస్తుంది. ఎకో స్వయంగా మధ్యయుగాల పండితుడు. ఆ విలియం అంతటివాడి తెలివి కూడా ఒకచోట దారి తప్పుతుంది. ఎక్కడో నేను చెప్పను. చెబితే అద్దె పుస్తకం చివరి పేజీ చింపినవాడికీ నాకూ తేడా ఏముంది?

ఇలాంటి పుస్తకాలకు సమీక్ష ఎలా రాయాలి? "శైలి బాగుంది, ముఖచిత్రం ఆకర్షణీయంగా ఉంది, అందరూ కొని చదవదగినది" అని రాసేది సమీక్ష కాదు, శుభలేఖ. నేను పాటించే పద్ధతి చెబుతాను, నచ్చితే తీసుకోండి.

అపరాధ నవల అయితే, రచయిత ఆధారాలన్నీ మన ముందు పెట్టాడా, లేక చివర్లో జేబులోంచి తీశాడా అని చూస్తాను. తర్వాత, చనిపోయినవాడు మనిషా, లేక కథ మొదలుపెట్టడానికి పనికొచ్చిన శవమా అని అడుగుతాను. ఆఖరున, అనుమానం ఎవరిమీదికి తోశాడో చూస్తాను. ప్రతి నవలలోనూ మొదటి అనుమానం వంటవాడిమీదో, డ్రైవరుమీదో పోతుంటే అది ఆ రచయిత గురించి మనకేదో చెబుతోందన్నమాట.

చారిత్రక నవల అయితే, రాతిమీద ఉన్నదేది, రచయిత అల్లినదేది అని విడదీస్తాను. గోన గన్నారెడ్డినే తీసుకోండి. 1294 నాటి రాయచూరు కోట శాసనం ఆ గన్నారెడ్డిని కాకతీయ సామంతుడిగా మనకు చూపిస్తుంది. గజదొంగ గన్నారెడ్డిని చూపించింది మాత్రం బాపిరాజు గారి కలం. అల్లడం తప్పు కాదు, అది రచయిత హక్కు. అల్లికను రాయి అనుకోవడం మన తప్పు. రెండోది, వస్తువులు చూస్తాను. కాకతీయ సైనికుడు పచ్చిమిరపకాయ నంజుకుంటే పుస్తకం పక్కన పెట్టేస్తాను. మిరపకాయ, టమాటా, పొగాకు - ఇవన్నీ అమెరికా ఖండంనుంచి పోర్చుగీసుల రాకతో, 1498 తర్వాత ఇక్కడికి వచ్చినవి. అంతకుముందు మనవాళ్ల కారం మిరియాలే. ఆ రోజుల్లో ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు అని తెలుసుకోవడానికి ‘క్రీడాభిరామం’ ఉంది. ఇద్దరు స్నేహితులు పొద్దస్తమానం ఓరుగల్లు వీధులు తిరిగి చూసినదంతా చెప్పే కావ్యం. దాన్నీ, అలాంటి కావ్యాల్నీ ఆధారం చేసుకునే సురవరం ప్రతాపరెడ్డి గారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు.

హామెట్ నవలలోని డేగబొమ్మ కూడా ఇలాంటి అల్లికే. 1530లో మాల్టా ద్వీపం పొందిన వీరయోధుల సంఘం చక్రవర్తికి ఏటా కట్టవలసిన కప్పం ఒక బతికున్న డేగ. హామెట్ దాన్ని రత్నాలు పొదిగిన బంగారు బొమ్మను చేసి, దానికోసం మనుషుల్ని ఒకరినొకరు చంపుకునేలా చేశాడు. చరిత్ర డేగనిచ్చింది, దురాశను రచయిత పొదిగాడు.

"ఇదంతా చదువుకున్నవాళ్ల సరదా. దీనివల్ల ఎవరికేం ఒరుగుతుంది?" అని మీలో కొందరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒక అనుభవం చెప్పి ముగిస్తాను.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కంపెనీలో రాత్రి షిఫ్టులో ఒక లాప్‌టాప్ కనబడకుండా పోయింది. పేర్లు అనవసరం. పదినిమిషాల్లో అందరికీ "తెలిసిపోయింది" - మా అంతస్తులో సఫాయి పని చేసే అక్కే తీసిందని. పాలమూరునుంచి వచ్చిన మనిషి. పిల్ల ఫీజు కట్టాలని వారం కిందటే ఎవరినో అప్పడిగిందట, ఇంకేం కావాలి! తెల్లవారుజామున డ్యూటీకి రాగానే ఆమెను సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టారు. "నేను తియ్యలే సారూ, నా బిడ్డ మీద ఒట్టు" అంటూనే ఉంది. నేను కాఫీ కప్పు పట్టుకుని ఆ గది ముందునుంచే వెళ్లాను. నా సంచిలో ‘నేమ్ ఆఫ్ ద రోజ్’ ఉంది. అయినా ఏమీ అడగలేదు. అందరూ అంటున్నారు కనుక అయ్యుంటుందనుకున్నాను.

రెండు గంటల తర్వాత ఎందుకో సారు మాట గుర్తుకొచ్చింది. వెళ్లి, "మనకెలా తెలుసు?" అన్నాను. గేటు రిజిస్టరు తెప్పించాం. ముందురోజు రాత్రి ఆమె సంచి చూపించి సంతకం పెట్టి వెళ్లింది తొమ్మిదీ నలభైకి. ఆ లాప్‌టాప్ ఆఫీసు నెట్‌వర్క్‌లో చివరిసారి పనిచేసింది పదకొండూ ఇరవైకి. ఇక వేరే పరిశోధన అవసరం లేకపోయింది. మధ్యాహ్నానికి అది దొరికింది కూడా. మావాడే ఒకడు రిపేరుకు ఇచ్చి, రిజిస్టరులో రాయడం మరిచిపోయాడు.

ఆమెకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెబుదామనుకునేలోపు ఆమె పని మానేసి వెళ్లిపోయింది. గోడమీద గడియారం ఉంది, గేటు దగ్గర రిజిస్టరు ఉంది, ఆధారాలన్నీ రచయిత మా కళ్లముందే పెట్టాడు. చదవాల్సినవాణ్ణి నేను రెండు గంటలు ఆలస్యంగా చదివాను. ఆ రెండు గంటలు ఆమె ఆ కుర్చీలో కూర్చుంది.

1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత అద్దాల మేడలు ఎన్ని లేచాయో మీకు తెలుసు. వాటి పక్కనే దుర్గం చెరువు ఉంది. ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీళ్లిచ్చిన చెరువుగా దానికి పేరు. ఆ గోల్కొండ 1687లో నెలల తరబడి ముట్టడికి తట్టుకుని, చివరికి లోపలివాడి ద్రోహంతో తలుపు తెరుచుకోవడంవల్ల పడిపోయింది. ఈనాడు ఫోనులో ఎవరో అడగ్గానే మనమే ఓటీపీ చెప్పి మన ఖాతా ఖాళీ చేయించుకుంటున్నాం. అదీ లోపలినుంచి తెరిచిన తలుపే. మధ్యయుగమూ, నువారూ రెండూ ఒకే చెరువు గట్టున ఉన్న ఊరు మనది. రాత్రి క్యాబుల్లో తిరిగేవాళ్లు, హాస్టలు గదుల్లో అప్పుల యాప్‌లకు భయపడేవాళ్లు, గేటు దగ్గర రిజిస్టరు రాసేవాళ్లు - వీళ్ల నవల రాయవలసినవాళ్లు మీలోనే ఎవరో ఉండాలి.

రాసేదాకా చదవండి. చదివినదాని మీద పది వాక్యాలైనా రాయండి, కాలేజీ గోడపత్రికకైనా సరే. ఇంట్లో అటకమీద పాత పాకెట్ బుక్స్ ఉంటే తూకానికి అమ్మకండి. ఒక తరం రాత్రి దీపాలకింద ఏం చదివిందో చెప్పే శాసనాలు అవే. ఎవరైనా గొంతు పెంచి, అది రాణి మరణమే కానివ్వండి, పోయిన లాప్‌టాపే కానివ్వండి, "ఇది ఇలాగే జరిగింది" అని చెబితే, వెనక వరుసలోనుంచి మెల్లిగా లేచి మా సారు అడిగిన ప్రశ్న అడగండి. ఆలస్యం చెయ్యకుండా అడగండి.